చేతిలో ఇనుము

ఆత్రేయపురంలో తలుపులకు తాళాలు పోయి చాలా కాలమైంది. గుమ్మం ముందు మనిషి నిలబడితే చాలు, నిలబడే తీరూ ఊపిరి తీసే తీరూ చూసుకుని తలుపే తెరుచుకుంటుంది. ఇంట్లో పోట్లాడి విసురుగా వెళ్లిపోయినవాళ్లు కాసేపటికి మనసు మార్చుకుని వెనక్కి వచ్చినా అది ఒక్క మాట అనకుండా తెరుచుకుంటుంది. ఆ విషయంలో ఇంట్లో మనుషులకంటే తలుపులే నయమని ఊళ్లో అందరూ ఒప్పుకుంటారు.

అది 2072వ సంవత్సరం. కాలువలో కరెంటు బస్సులు తిరుగుతున్నాయి, కొబ్బరి కాయలు దింపడానికి చెట్లు ఎక్కే యంత్రాలు వచ్చాయి, వానను ముందుగా అడిగి తెప్పించుకోవడం కూడా కొంతవరకు అలవాటైంది. పూతరేకులు మాత్రం ఇంకా కుండ మీదే తీస్తున్నారు. యంత్రాలు తీసిన రేకులు లేకపోలేదు. అవి చూడ్డానికి బాగుంటాయి, నోట్లో వేసుకుంటే కాగితం నమిలినట్టుంటుంది. పల్చటి గుడ్డను బియ్యప్పిండి నీళ్లలో ముంచి, బోర్లించిన వేడి కుండ మీద ఒక్క విసురు విసిరితే, పొరలాంటి రేకు లేచి చేతికొస్తుంది. ఆ విసురు యంత్రాలకు ఎంత నేర్పినా రాలేదు.

ధన్వికకు ఆ విసురు పన్నెండో ఏటే వచ్చింది. ఆమె తీసిన రేకు వెనక దీపం పెడితే వత్తి కనిపించేదని చెప్పుకుంటారు. ఇప్పుడామెకు ముప్పై నాలుగేళ్లు. నాలుగేళ్లుగా కుండను తాకలేదు. వసారాలో దూరంగా కుర్చీలో కూర్చుని, నెత్తిన ఒక టోపీ పెట్టుకుని, అత్తగారు రేకులు తీస్తుంటే చూస్తూ ఉంటుంది.

అత్తగారి పేరు హర్షితమ్మ. ఆవిడ పుట్టినప్పుడు అది చాలా కొత్త పేరట. ఇప్పుడు ఊళ్లో ముసలావిడ ఎవరిని పిలిచినా హర్షితమ్మో జాహ్నవమ్మో సహస్రమ్మో పలుకుతారు.

"పిండి చిక్కబడిపోయిందండి అత్తయ్యా. చుక్క నీళ్లు పొయ్యండి," అంటుంది ధన్విక కుర్చీలోంచే.

"అక్కణ్ణుంచి ఎలా కనిపించింది నీకు?"

"చప్పుడు తేడా వచ్చిందండి."

హర్షితమ్మ నీళ్లు పోస్తుంది. రేకు సరిగ్గా వస్తుంది. కోడలి వైపు ఒకసారి చూసి, చూడనట్టు తల తిప్పుకుంటుంది. నాలుగేళ్ల కింద ధన్విక మూర్ఛ వచ్చి ఆ కుండ మీదే పడింది. మోచేతి నుంచి భుజం దాకా కాలిన మచ్చ ఇంకా ఉంది. రెండోసారి అలా పడితే మచ్చతో పోదు. అందుకే కుండకూ ఆమెకూ మధ్య అంత దూరం పెట్టారు. ధన్విక భర్త రిత్విక్ ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర పని చేస్తాడు, వారానికోసారి వస్తాడు. కాబట్టి ఆ దూరాన్ని కాపలా కాసేది హర్షితమ్మే.

మెదడులో కోటానుకోట్ల కణాలు ఎప్పుడూ చిన్న చిన్న కరెంటు కబుర్లు చెప్పుకుంటూనే ఉంటాయి. ఎవరి కబురు వాళ్లది. ఎక్కడో ఒక మూల ఒక చిన్న గుంపు ఉన్నట్టుండి ఒకేసారి ఒకే కేక వేస్తుంది. పక్కవాళ్లు అందుకుంటారు. కేక మెదడంతా పాకితే మనిషి స్పృహ తప్పి కొట్టుకుంటాడు. దాన్నే మూర్ఛ అంటాం. చాలామందికి అది మాత్రలతో అదుపులో ఉంటుంది. కొందరికి మాత్రం సరైన మందులు సరైన మోతాదులో ఎన్ని మార్చినా ఆగదు. మందులకు లొంగని మూర్ఛ అని దానికి పేరు. ధన్వికది అదే.

దానికీ ఒక దారుంది. మొదటి కేక వేసిన మూల ఏదో తెలిస్తే, పుర్రె తెరవకుండానే దాని నోరు మూయించవచ్చు. తల చుట్టూ వందల వైపుల నుంచి చెవికి వినబడని ధ్వనిని ఒక్క బిందువు మీదికి పంపిస్తారు. కందిగింజంత చోటు వేడెక్కి శాశ్వతంగా ఊరుకుంటుంది. ఆ పరికరాన్ని ధ్వనిశలాక అంటారు. జనం దాన్ని 'కాల్పించుకోవడం' అంటారు.

చిక్కల్లా ఆ మూల ఎక్కడుందన్నదే. ధన్విక తలను ఎం.ఆర్.ఐ.లో ఎన్నిసార్లు ఫొటో తీసినా ఏ మచ్చా కనిపించలేదు. అందుకని కాకినాడ సముద్రతీరంలో ఉన్న నాడీకేంద్రం వాళ్లు ఆమెకు మూలదర్శిని ఇచ్చారు. నెత్తినున్న టోపీ అదే. అందులో ఆవగింజలంత గాజు గదులు వరసగా ఉంటాయి. ఒక్కో గదిలో చిటికెడు రుబీడియం ఆవిరి, దాని మీద లేజర్ వెలుగు. కరెంటు పారిన చోటల్లా అయస్కాంత క్షేత్రం పుడుతుంది కదా. మెదడు కణాల కరెంటుకు పుట్టే క్షేత్రం భూమి అయస్కాంత శక్తిలో కోట్ల వంతుల్లో ఒక వంతు. అంత సన్నటి దాన్ని కూడా ఆ ఆవిరి పసిగడుతుంది. పూర్వం ఈ పని చేసే యంత్రం గదంత ఉండేది. రోగి దాని కింద కదలకుండా పడుకోవాలి, మూర్ఛ కూడా అపాయింట్‌మెంటు ప్రకారం రావాలి. మూర్ఛకు అంత క్రమశిక్షణ ఎక్కడిది? మూలదర్శిని వచ్చాక మనిషి ఇంట్లో తిరుగుతూ, తింటూ, పోట్లాడుతూ ఉండగానే మెదడు బొమ్మ గీయడం కుదిరింది.

మూలదర్శినికి బద్ధశత్రువు ఇనుము. దాని అయస్కాంత శక్తి ముందు మెదడుది ఆనదు. అందుకని టోపీ ఇచ్చేముందు కేంద్రం మనుషులు వచ్చి గోడలకు కవచపు రంగు పూసి, ఇంట్లో ఇనుప సామాను ఏదుంటే అది పట్టుకెళ్లారు. కత్తిపీట, పెనం, మంచం బోల్టులు, పటాల వెనక మేకులు. ఇంకేమైనా ఉన్నాయా అని అడిగితే ఏం లేవని హర్షితమ్మ చెప్పింది.

* * *

"మూలం దొరికింది," అంది జాడ.

జాడ అంటే మూలదర్శిని పంపే కొలతలను చదివే యంత్రబుద్ధి. దానికి చదవడం నేర్పినది డాక్టర్ మనస్విని. యాభై దాటిన మనిషి, నెమ్మదిగా మాట్లాడుతుంది, ఎవరైనా తొందరపడితే ఇంకా నెమ్మదిగా మాట్లాడుతుంది. కాకినాడలో ఆమె గది కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది గానీ, ఆమె అటు చూసేది తక్కువ.

"ఎక్కడ?"

"మెదడు ఎడమ సగంలో, కుడిచేతిని నడిపించే చోట. వచ్చిన మూర్ఛలన్నీ అక్కడే మొదలయ్యాయి. నా నమ్మకం నూటికి తొంభై నాలుగు."

మనస్విని ముఖం వాడిపోయింది. ఆ చోటు కాలిస్తే మూర్ఛ పోతుంది. చేతి నైపుణ్యం కూడా పోతుంది. గ్లాసు పట్టుకోగలదు, తలుపు తోయగలదు. తడిగుడ్డ కొసలు పట్టి కుండ మీద రేకు తీయడం మాత్రం ఇక ఈ జన్మకు ఉండదు.

ఆ మాటే ఎదురుగా కూర్చున్న అత్తాకోడళ్లకు చెప్పింది. శుక్రవారం ధ్వనిశలాక ఖాళీగా ఉందని, ఒప్పుకోవడమా మానడమా వాళ్ల ఇష్టమని చెప్పింది.

"కాల్చేయండి డాక్టరుగారండీ," అంది హర్షితమ్మ వెంటనే. "చెయ్యి పోతే పోయింది. మనిషి దక్కుద్ది కదండీ."

ధన్విక తన కుడి అరచేతిని చూసుకుంటూ కూర్చుంది. "కాల్చకపోతే చెయ్యి ఉంటుంది, కుండ దగ్గరికి వెళ్లకూడదు. కాలిస్తే వెళ్లొచ్చు, వెళ్లి ఏం చేస్తానండి?" అంది. ఆమె గొంతులో కోపం లేదు, అదే మనస్వినికి కష్టంగా అనిపించింది. "పోనీలెండి. అత్తయ్యగారికి నాలుగేళ్లుగా సరైన నిద్ర లేదు. ఆవిడ కోసమైనా కాల్పించుకుంటాను."

"నా నిద్ర సంగతి నీకెందుకే?" అని హర్షితమ్మ కసిరింది. ఆ వెంటనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఒక్కటి చెప్పమ్మా," అంది మనస్విని. "మూర్ఛ వచ్చేముందు నీకు మొట్టమొదట ఏం తెలుస్తుంది?"

"కమురు వాసనండి. బెల్లం మాడినట్టు. పొయ్యి వెలిగించకపోయినా వస్తుంది. తర్వాత కడుపులోంచి ఏదో పైకి లేస్తున్నట్టుంటుంది. ఆ తర్వాత నాకు తెలీదండి."

"చెయ్యి లాగడం, తిమ్మిరెక్కడం?"

"అదేం లేదండి. చెయ్యి కొట్టుకోవడం ఆఖర్న అని అత్తయ్యగారు చెప్తారు."

వాళ్లు వెళ్లాక మనస్విని మెదడు బొమ్మ ఉన్న తెర వైపు తిరిగింది.

"వాసన ముందు వచ్చిందంటే మొదలు కణత లోపల ఉండాలి, చేతి దగ్గర కాదు," అంది.

"మీ వాదన సబబుగానే ఉంది. నా కొలతలూ సబబుగానే ఉన్నాయి," అంది జాడ.

"నువ్వు మొదటి కేకను ఎలా పట్టుకుంటావో మళ్లీ చెప్పు."

"వెనక్కి నడిచి. మొదటి కేక చాలా సన్ననిది. రోజూ మెదడులో అలాంటివి వందలు పుట్టి ఆరిపోతాయి. అందుకని పెద్దగా కొట్టుకుంటున్న చోట మొదలుపెట్టి, అది అంతకుముందు ఎక్కడుందో, దానికి ముందు ఎక్కడుందో అడుగుజాడలు పట్టుకుని వెనక్కి వెళ్తాను. చివరికి ఎక్కడ ఆగితే అదే మూలం."

"ఈమె విషయంలో జాడలు ఎక్కడైనా తెగాయా?"

"ప్రతిసారీ తెగాయి. కొట్టుకోవడం మొదలయ్యే వేళకు ఒక పెద్ద మసక వచ్చింది. రోగి కదలిక అనుకుని తీసేశాను. అలా తీసేయమని నేర్పింది మీరే."

మనస్విని మెల్లగా తలూపింది. వరద ఊళ్లోకి వచ్చాక చూసి, నీళ్లు ఈ వీధిలోనే పుట్టాయన్నట్టుంది వ్యవహారం. మసక అవతల ఏముందో జాడకు కనిపించలేదు. ఇవతల మొదట కనిపించింది చేతి చోటు. దాన్నే మూలమనుకుంది. కానీ ప్రతిసారీ, ఒకే వేళకు, అంత మసక వేసేది ఏమిటి?

మర్నాడు ఆమె కాలువ బస్సెక్కి ఆత్రేయపురం వెళ్లింది.

* * *

హర్షితమ్మ మర్యాదలకు లోటు చేయలేదు. "వంకాయ కూరండి. కత్తిపీట మీవాళ్లు పట్టుకెళ్లిపోయేరు కదా, పక్కింటికెళ్లి కోసుకొస్తన్నాను. అక్కడ ముక్కలు పెద్దవైపోతన్నాయి, ఏవీ అనుకోకండేం," అంటూ వడ్డించింది. మనస్విని రెండో ముద్ద నోట్లో పెట్టుకుంటుండగా ధన్విక గొంతు వినిపించింది.

"అత్తయ్యా, వాసనొస్తందండి."

ఆ మాట అంటూనే ఆమె చాప మీద ఒరిగింది. మనస్విని ఎంగిలి చేత్తోనే లేచింది. ఆమె చాప చేరేలోగా హర్షితమ్మ లోపలికి వెళ్లి, బియ్యం డబ్బా వెనకనుంచి ఏదో తీసుకుని, అరవై దాటిన మనిషి అన్న సంగతి మరిచిపోయి పరుగెత్తుకొచ్చింది. కోడలి కుడి అరచెయ్యి తెరిచి, అందులో అది పెట్టి, వేళ్లు గట్టిగా మూసింది. మనస్విని చెవిలో ఉన్న చిన్న పలుకుపూస లోంచి జాడ, "మసక వచ్చింది," అంది.

రెండు నిమిషాల్లో అంతా సర్దుకుంది. ధన్విక అలసిపోయి నిద్రలోకి జారింది. మనస్విని ఆమె వేళ్లు విప్పి చూసింది. తుప్పు పట్టిన తాళాల గుత్తి. ఏ తలుపూ అడగని ఆరు తాళంచెవులు.

"అమ్మా, ఇంట్లో ఇనుము లేదన్నారు కదా?"

"లేదండి."

"మరి ఇదేంటి?"

"అది ఇనపసామాను కాదు కదండీ, మందు," అంది హర్షితమ్మ. అబద్ధం ఆడుతున్న మనిషి ముఖం కాదది. "మీవాళ్లు సామాను అడిగేరు, ఇచ్చేను. ఇది మా అత్తగారి అత్తగారి కాలం నాటిది. తలుపులు పోయేయి, తాళాలు పోయేయి, దీనికోసం మాత్రం ఉంచుకున్నాం. మూర్ఛొచ్చినోళ్ల చేతిలో ఇనుం పెట్టాలి కదండీ."

"పెడితే ఆగుతుందా?"

"ఆయ్. పెట్టినప్పుడల్లా ఆగింది."

"పెట్టకపోయినా ఆగుతుందమ్మా."

"పెట్టకుండా ఎప్పుడూ చూళ్లేదండి మరి."

 మనస్విని కింద కూర్చుని మొత్తం విడమర్చి చెప్పింది. టోపీ తలకు దగ్గరగా ఇనుము కదిలితే ఏమవుతుందో, జాడలు ఎలా తెగాయో, శుక్రవారం ఏ చోటు కాల్చబోయారో. హర్షితమ్మ వింటూ వింటూ చివరికి వచ్చేసరికి నిలువునా కుప్పకూలినట్టయింది.

"అంటే దాని చెయ్యి నేనే తీయించేసేదాన్నాండి?" అని ఏడ్చింది. "నా చేత్తో నేనే?"

"మీరు కాదు. మేం సరిగ్గా అడగలేదు," అంది మనస్విని. నిజంగానే అలా అనిపించి అంది.

ఒకటి వచ్చిన రోజు సాయంత్రంలోగా రెండోది వస్తుంది, ధన్వికకు అది మామూలే. ఆ రెండోదాన్ని ఇనుము లేకుండా పట్టుకుంటే చాలు, శుక్రవారం లోపల అసలు మూలం తెలిసిపోతుంది. హర్షితమ్మ గుత్తిని తనంతట తానే తెచ్చి డాక్టరు చేతిలో పెట్టింది. "నా దగ్గరుంటే నా చెయ్యి ఊరుకోదు, మీరే ఉంచండి," అంది. మనస్విని దాన్ని పెరట్లోకి తీసుకెళ్లి, కుళాయి పక్కనున్న ప్రహరీ మీద, యంత్రానికి అందనంత దూరంలో పెట్టింది.

నాలుగింటప్పుడు మనస్విని ఆ కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటోంది. "వాసన!" అన్న కేక వినిపించింది. లోపలికి పరుగెత్తింది. ధన్విక చాప మీద బిగుసుకుపోయి ఉంది. ఆమెను పక్కకు ఒత్తిగిల్లించి, తల కింద దుప్పటి మడత పెట్టి, గోడ గడియారం చూసింది. ఇవన్నీ ఆమె వందలమందికి నేర్పిన పనులు. అవతల హర్షితమ్మ రెండు చేతులూ తొడల కింద అదిమిపెట్టుకుని, కళ్లనీళ్లు కారుతున్నా తుడుచుకోకుండా కూర్చుంది. మాట తప్పలేదు.

ధన్విక పెదవులు నల్లబడుతున్నాయి. మనస్విని ఇన్నేళ్లలో వేల మూర్ఛలు చూసింది గానీ, ఎక్కువగా తెరల మీద చూసింది. తన మోకాలికి ఆనుకుని ఒక మనిషి ఇలా కొట్టుకోవడం ఎప్పుడో గానీ చూడలేదు.

"మసక వచ్చింది," అంది జాడ చెవిలో.

మనస్విని తలెత్తి హర్షితమ్మ వంక చూసింది. హర్షితమ్మ చేతులు తొడల కిందే ఉన్నాయి. ఆవిడ చూపు మాత్రం ధన్విక అరచేతి మీద ఉంది. మనస్విని కూడా అటు చూసింది. గుత్తి అక్కడుంది. ధన్విక వేళ్లను దాని చుట్టూ మూసి, వాటి మీద బిగించి పట్టుకున్న చెయ్యి తనదే. ప్రహరీ మీంచి దాన్ని ఎప్పుడు తీసిందో, ఎలా తెచ్చిందో ఎంత ఆలోచించినా ఆమెకు గుర్తు రాలేదు.

"మీరూనాండీ?" అంది హర్షితమ్మ. ఎగతాళిగా అనలేదు. తోడు దొరికిన మనిషిలా అంది.

* * *

పొద్దు వాలుతోంది. ధన్విక నిద్రపోతోంది. మనస్విని వసారా మెట్టు మీద కూర్చుంది. సిగ్గుతో ఆమె చెవులు ఇంకా వేడిగానే ఉన్నాయి. చేతిలో ఇనుము పెట్టడం వృథా అని ఊరూరా తిరిగి చెప్పిన మనిషి ఆమె. చిన్నప్పుడు బస్టాండులో ఎవరో పడిపోతే, చుట్టూ మూగిన జనం "తాళాలు, తాళాలు" అని అరవడం ఒకసారి విన్నట్టు గుర్తు. అంతకుమించి ఆమె ఇంట్లో ఎవరికీ మూర్ఛ లేదు, ఆ అలవాటూ లేదు.

"మీరెందుకు తెచ్చారు?" అని అడిగింది జాడ. ఇప్పుడది పలుకుపూస లోంచి కాక అందరికీ వినిపించేలా మాట్లాడుతోంది.

"తెలీదు."

"ఇనుము పెడితే రోగికి తగ్గుతుందా?"

"తగ్గదు."

"మరి ఎవరికి తగ్గుతుంది?"

"చూస్తూ కూర్చున్నవాళ్లకి," అంది మనస్విని.

"అయితే రోగిని చూసేవాళ్లు లేని చోట ఉంచుదాం. కేంద్రంలో ఇనుమే లేని నిశ్శబ్దపు గది ఉంది. యంత్రం కాపలా ఉంటుంది. యంత్రాల చేతులు చెప్పినట్టు ఊరుకుంటాయి."

అది తెలివైన సలహా. మనస్విని సరేనని అనబోయింది కూడా. ఇంతలో చాప మీంచి సన్నగా, "ఒక్కదాన్నే పడిపోవాలాండి?" అని వినిపించింది. ధన్విక మేలుకుని ఉంది. "లేచేటప్పటికి నేనెవరో, ఎక్కడున్నానో కాసేపు నాకు తెలీదండి. అత్తయ్యగారి ముఖం కనిపిస్తే అప్పుడు తెలుస్తుంది. గదిలో వద్దండి. దానికంటే చెయ్యి తీసేయండి."

హర్షితమ్మ వెళ్లి చాప పక్కన కూర్చుంది.

"ఇత్తడైతే పనికొస్తదాండి మీ యంత్రానికి?" అని హర్షితమ్మే చివరికి అడిగింది.

"ఇత్తడి వల్ల నాకు ఇబ్బంది లేదండి," అంది జాడ.

"నీకు లేదులే బాబూ, జబ్బుకి పనికిరాదు. ఇనుమే ఉండాలి." ఆవిడ మోకాళ్ల మీద గడ్డం ఆనించి ఆలోచించింది. ఆలోచించి ఆలోచించి, "డాక్టరుగారండీ, మనిషి ఒంట్లో ఇనుం ఉంటది కదా? నా కానుపప్పుడు ఒంట్లో ఇనుం తక్కువైందని మాత్రలిచ్చేరు," అంది.

మనస్విని ఆశ్చర్యంగా చూసింది. "ఉంటుందమ్మా. రక్తంలో."

"అది మీ యంత్రానికి అడ్డమాండి?"

"కాదండి," అంది జాడ. "మనిషి ఒంట్లో మొత్తం కలిపితే ఒక మేకంత ఇనుము ఉంటుంది. కానీ అది విడివిడి అణువులుగా, వేరే పదార్థంలో బంధించి ఉంటుంది. అయస్కాంతంలా ప్రవర్తించదు. నాకు కనిపించదు."

"మేకంత!" అంది హర్షితమ్మ. ఆవిడ ముఖం విప్పారింది. "చాలండి. మా పెద్దత్తగారు మేకే పెట్టేవారట."

బుధవారం మధ్యాహ్నం మూర్ఛ వచ్చింది. మనస్విని అప్పటికి కాకినాడ తిరిగి వచ్చేసింది. ఈసారి తాను అక్కడ లేకపోవడమే క్షేమమని ఆమెకు తెలుసు. హర్షితమ్మ కోడలి కుడిచేతిలో తన చెయ్యి పెట్టింది. నొక్కలేదు, ఆపలేదు, ఊరికే పెట్టి ఉంచింది. కొట్టుకునే వేళ్లు ఆవిడ చేతిని గోళ్లు దిగేలా పట్టుకున్నాయి. మసక రాలేదు.

జాడ చేతి చోట మొదలుపెట్టి వెనక్కి నడిచింది. మొన్నటిదాకా ఆగిపోయిన చోట ఆగలేదు. తెర మీద ఎర్ర చుక్క చేతి ప్రాంతం దాటి, కిందికి దిగి, చెవి పైభాగం చేరి, ఎడమ కణత లోపల వాసనలు తెలిసే మడత దగ్గర నిలిచింది. కందిగింజలో సగం ఉంటుంది. మనస్విని శుక్రవారం పని రద్దు చేయించింది. మరో రెండు మూర్ఛలు అలాగే కొలిచారు. రెండుసార్లూ చుక్క అక్కడే నిలిచింది. అప్పుడుగానీ ధ్వనిశలాక ముట్టించలేదు.

ఈలోగా ఆమె, చేతి చోట మూలం తేలి వరసలో ఎదురుచూస్తున్న మిగతా ఇళ్లకు ఫోన్ చేసింది. "ఇంట్లో ఇనుము ఉందా?" అని అడగలేదు. "పడిపోయినప్పుడు చేతిలో ఏం పెడతారు?" అని అడిగింది. ఒకరు కొడవలి ముక్క అన్నారు. ఒకరు గుర్రపు లాడం అన్నారు. అయస్కాంతాల మీద పాఠాలు చెప్పే ప్రొఫెసరొకాయన చాలాసేపు నసిగి, పుస్తకాల అలమరలో ఒక స్పానర్ ఉంచుకున్నామని ఒప్పుకున్నాడు. మేం ఏమీ పెట్టం అన్న ఇల్లు ఒక్కటీ తగల్లేదు.

* * *

ఏడాది తిరిగింది. ధన్వికకు మళ్లీ మూర్ఛ రాలేదు. మనస్విని ఆఖరి పరీక్షకు టోపీ పట్టుకుని వెళ్లేసరికి, ఆమె కుండ ముందు కూర్చుని ఉంది. కొబ్బరాకు మంట చిటపటలాడుతోంది. కుడిచేత్తో గుడ్డ ముంచడం, విసరడం, లేచిన రేకును రెండు వేళ్లతో అందుకోవడం, అంతా ఒక్క కదలికలో అయిపోతోంది. చూస్తూ ఉంటే మనస్వినికి చెప్పలేనంత సంతోషం కలిగింది.

హర్షితమ్మ కోడలి పక్కనే, చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో పీట వేసుకుని కూర్చుంది. ఆవిడ చేతిలో పనేమీ లేదు.

"ఇంకా కాపలా ఎందుకమ్మా? తగ్గిపోయింది కదా," అంది మనస్విని.

"దానికి తగ్గిందండి," అంది హర్షితమ్మ. "నాకే. వాసనొస్తందని అన్నట్టు వినపడతా ఉంటది. నిద్రలో లేచి దాని చెయ్యి పట్టుకుంటన్నాను. మా వాడు నవ్వుతన్నాడు." టోపీ వంక చూసింది. "ఆ టోపీ నాకోసారి పెట్టండి. ఈ భయం ఎక్కడుందో చూసి చెప్పమనండి."

మనస్విని నవ్వి పెట్టింది. ధన్విక గుడ్డ పక్కన పెట్టి, ఉన్నట్టుండి ముక్కు ఎగబీల్చింది. బెల్లం నిజంగానే ఎక్కడో మాడుతోంది. వంటింట్లో పాకం మరిచిపోయారు. ఆ ఒక్క ఎగబీల్పుకే హర్షితమ్మ చెయ్యి వెళ్లి కోడలి చేతిని పట్టుకుంది.

"జాడా, కనిపించిందా?" అంది మనస్విని.

జాడ ఎప్పుడూ తీసుకోనంత సమయం తీసుకుంది. "వెనక్కి నడుస్తూనే ఉన్నానండి. చూపులో ఉంది. వినికిడిలో ఉంది. కుడిచేతిలో ఉంది. జ్ఞాపకాలుండే చోటా ఉంది, నిద్రను కాచే చోటా ఉంది. అన్నీ ఒకేసారి మొదలయ్యాయి. మూలం ఇదని చెప్పలేను."

"మందులకి లొంగదంటావా బాబూ?" అంది హర్షితమ్మ.

"లొంగదండి."

"కాల్చడానికి?"

"కాల్చడానికి ఒక చోటంటూ లేదండి."

ఆవిడ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. "మంచిదే. ఉండనియ్యండి. ఇంట్లో ఒక్కళ్లకైనా ఉండాలి కదా," అని టోపీ తీసి డాక్టరు చేతికిచ్చి, మాడిపోతున్న పాకం దించడానికి లేచింది.